పల్స్ ఆన్ చేసే ముందు ఒక్క నిమిషం: సిగ్నల్ జనరేటర్ లెవెలింగ్‌లో జాగ్రత్తలు

అక్టోబర్ దగ్గర పడుతోందంటే కోస్తాలో తుపాన్ల టెన్షన్ మొదలవుతుంది. మచిలీపట్నం, విశాఖపట్నంలలో ఉన్న ఎస్-బ్యాండ్ డాప్లర్ వాతావరణ రాడార్ల లాంటివి అప్పటికల్లా సరిగ్గా కొలుస్తూ ఉండాలి. రాడార్ రిసీవర్ సరిగ్గా ఉందో లేదో చూడాలంటే తెలిసినంత పవర్‌ని లోపలికి పంపి, అది ఎంత చూపిస్తుందో చూడాలి. ఆ తెలిసిన పవర్ ఇచ్చేది మైక్రోవేవ్ సిగ్నల్ జనరేటర్, అడిగినంత పవరే బయటికి వచ్చేలా అది చూసుకోవడాన్ని లెవెలింగ్ అంటాం. తెర మీద అంకె -30 డీబీఎం (1 మిల్లీవాట్‌తో పోల్చి పవర్‌ని చెప్పే కొలమానం) అని ఉంటే బయటికి నిజంగా -30 వస్తోందా అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. పల్స్ మోడ్‌లో, అంటే సిగ్నల్‌ని చిన్న చిన్న ముక్కలుగా ఆన్-ఆఫ్ చేస్తూ పంపేటప్పుడు, చాలాసార్లు రాదు.

ఒక్క డీబీ (డెసిబెల్) తేడాకి ఏమవుతుందిలే అనుకోవద్దు. రిఫ్లెక్టివిటీ (చినుకుల నుంచి తిరిగొచ్చే సిగ్నల్ బలాన్ని బట్టి తేల్చే విలువ) నుంచి వర్షపాతం లెక్కగట్టే పాత మార్షల్-పామర్ సూత్రంలో వేసి చూస్తే, 1 డీబీ తప్పుకి వర్షం అంచనా దాదాపు 15 శాతం మారిపోతుంది, 3 డీబీ అయితే సగానికి పైనే. తీరంలో ఊళ్లు ఖాళీ చేయించాలా వద్దా అని ఆలోచించేవాళ్ల ముందుకి చేరే సమాచారంలో ఇదీ ఒక భాగం, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. అవుట్‌పుట్ దగ్గర ఒక కప్లర్ కొంచెం పవర్‌ని పక్కకి తీసి డిటెక్టర్ డయోడ్‌కి ఇస్తుంది, ఆ వోల్టేజీని మనం అడిగిన లెవెల్‌తో పోల్చి, తేడా ఉంటే అటెన్యుయేటర్‌ని (పవర్‌ని తగ్గించే భాగం) జనరేటర్ సవరిస్తూ పోతుంది. దీన్నే ఏఎల్‌సీ (ఆటోమేటిక్ లెవెల్ కంట్రోల్) లూప్ అంటాం. మామూలు సీడబ్ల్యూ (ఆగకుండా ఏకధాటిగా వచ్చే) సిగ్నల్‌కి ఇది బంగారంలా పనిచేస్తుంది. పల్స్ పెట్టగానే కథ మారుతుంది, ఎందుకంటే పల్స్ ఆఫ్‌లో ఉన్నప్పుడు డిటెక్టర్‌కి ఏమీ కనిపించదు, అప్పుడు లూప్‌ని అలాగే వదిలేస్తే పవర్ తగ్గిపోయిందనుకుని పైకి తోసేస్తుంది. అందుకని పల్స్ ఉన్నప్పుడు మాత్రమే కొలిచి, లేనప్పుడు ఆ విలువని పట్టి ఉంచే ఏర్పాటు పెడతారు. ఆ కొలతకి టైమ్ కావాలి. చాలా మైక్రోవేవ్ జనరేటర్లలో లెవెలింగ్‌తో కలిపి ఇచ్చే పల్స్ వెడల్పుకి కింది హద్దు 1 మైక్రోసెకను దగ్గర ఉంటుంది. పల్స్‌ల మధ్య ఖాళీ మరీ ఎక్కువైనా, పట్టి ఉంచిన వోల్టేజీ మెల్లగా జారిపోతుంది. ఈ రెండు హద్దులూ డేటాషీట్‌లో ఉంటాయి, మీ మోడల్‌వి వెతికి పట్టుకుని బెంచ్ మీద అంటించండి.

వాతావరణ రాడార్ పల్స్ తరచుగా ఆ 1 మైక్రోసెకను దగ్గరే ఉంటుంది, అంటే సరిగ్గా హద్దు అంచు మీద. నా సలహా ఒకటే: లెవెల్ క్యాలిబ్రేషన్‌ని సీడబ్ల్యూలో, ఏఎల్‌సీ ఆన్‌లో పెట్టి చేయండి. పల్స్‌ని దూరం సరిచూడటానికి మాత్రం వాడండి (1 మైక్రోసెకను ఆలస్యం అంటే 150 మీటర్ల దూరం). పైగా పల్స్ సన్నగా ఉంటే రిసీవర్ ఫిల్టరే దాని ఎత్తు తగ్గించేస్తుంది, ఆ లోటుని జనరేటర్ తప్పు అనుకుని సరిదిద్దడం మొదలుపెడితే ఇక అంతే.

ఇక సన్న పల్స్‌లు తప్పనిసరైన చోట ఏఎల్‌సీ ఆఫ్ చేసి పవర్ సెర్చ్ వాడతాం. అసలు ప్రమాదం ఇక్కడుంది. పవర్ సెర్చ్ చేసేటప్పుడు జనరేటర్ కాసేపు పల్స్ ఆపేసి, క్యారియర్‌ని (అసలు మైక్రోవేవ్ సిగ్నల్‌ని) పూర్తిగా ఆన్‌లో పెట్టి, లెవెల్ ఎక్కడ కుదురుతుందో వెతుక్కుంటుంది. ఆ సమయంలో అవుట్‌పుట్‌కి పల్స్ కోసమే తయారైన గ్యాలియం నైట్రైడ్ యాంప్లిఫయర్ కట్టి, దాని డ్రెయిన్ సప్లై (యాంప్లిఫయర్‌కి ప్రధాన కరెంటు ఇచ్చేది) ఆన్‌లో ఉంటే, అది పల్స్‌కి బదులు ఏకధాటి సిగ్నల్‌ని తిని వేడెక్కిపోతుంది. ఆటో పెట్టి ఉంచారా, ఫ్రీక్వెన్సీ మార్చిన ప్రతిసారీ ఇదే జరుగుతుంది. కాబట్టి మాన్యువల్‌లో పెట్టండి, సెర్చ్ చేసేటప్పుడు డ్రెయిన్ ఆపండి లేదా కేబుల్ తీసి 50 ఓమ్‌ల లోడ్ బిగించండి. కొన్ని మోడళ్లలో సెర్చ్ సమయంలో స్టెప్ అటెన్యుయేటర్‌ని గరిష్ఠానికి పెట్టి బయటికి వచ్చే పవర్‌ని తగ్గించే సెట్టింగ్ ఉంటుంది, ఉంటే తప్పకుండా వాడండి. సెర్చ్ అయిపోయాక లూప్ తెరిచే ఉంటుంది కాబట్టి గదిలో ఏసీ ఆగినా, వాతావరణం మారినా లెవెల్ జారుతుంది, తెర మాత్రం పాత అంకెనే చూపిస్తుంది. అన్‌లెవెల్డ్ (అడిగిన లెవెల్ నిలవడం లేదు) అని వచ్చే హెచ్చరికని కూడా ఈ మోడ్‌లో నమ్ముకోవద్దు.

బయటి డిటెక్టర్‌తో లెవెలింగ్ చేసేవాళ్లకి ఇంకో ముఖ్యమైన మాట. ఆ డిటెక్టర్ కేబుల్ ఊడితే పవర్ లేదనుకుని లూప్ అవుట్‌పుట్‌ని గరిష్ఠం దాకా తోసేస్తుంది. కాలు తగిలి ఊడే చోట ఆ కేబుల్ వేయొద్దు, మధ్యలో ఒక అటెన్యుయేటర్ ఉంచండి, అంతేకాదు, జనరేటర్ పూర్తి పవర్ ఇచ్చినా మీరు పరీక్షిస్తున్న యూనిట్ తట్టుకుంటుందో లేదో ముందే లెక్క వేసుకోండి.

డ్యూటీ సైకిల్ (మొత్తం సమయంలో పల్స్ ఆన్‌లో ఉండే వాటా) లెక్క నోటికి రావాలి. సెకనుకి 1000 పల్స్‌లు, ఒక్కోటి 10 మైక్రోసెకన్లు అంటే 1 శాతం, అంటే సగటు పవర్ పీక్ కంటే 20 డీబీ తక్కువ. సగటు చూపించే మీటర్ పెట్టి, 20 డీబీ తగ్గిందేంటి అని లెవెల్ పెంచుకుంటూ పోతే ముందున్నది ఏదైనా కాలుతుంది. పీక్ సెన్సర్ ఉంటే అదే వాడండి, దాని మీద రాసిన గరిష్ఠ పవర్ చదివాకే.

పల్స్‌ని ఎప్పుడు ఆన్, ఆఫ్ చేయాలో జనరేటర్‌కి చెప్పే పల్స్ ఇన్‌పుట్ కేబుల్ విషయం కూడా చూడండి. పోలారిటీ తిరగబడితే పైన చెప్పిన 1 శాతం కాస్తా 99 శాతం అవుతుంది. కేబుల్ ఊడితే ఆర్ఎఫ్ (బయటికి వచ్చే మైక్రోవేవ్ సిగ్నల్) ఆగుతుందా, పూర్తిగా వస్తుందా అన్నది మోడల్‌ని బట్టి ఉంటుంది, యూనిట్ కట్టకముందే ఊడదీసి చూసుకోండి.

ఇవన్నీ కళ్లతో చూడాలంటే అవుట్‌పుట్‌కి అటెన్యుయేటర్, దాని తర్వాత క్రిస్టల్ డిటెక్టర్ పెట్టి ఆసిలోస్కోప్‌కి ఇవ్వండి. స్కోప్ ఇన్‌పుట్ 50 ఓమ్‌లలో ఉండాలి, 1 మెగాఓమ్‌లో వదిలేస్తే పల్స్ చివర తోకలా సాగి, లేని తప్పు ఉన్నట్టు కనిపిస్తుంది. నెగెటివ్ డిటెక్టర్ అయితే పల్స్ తలకిందులుగా వస్తుంది, కంగారు పడొద్దు. చూడాల్సింది మొదటి అంచు: అక్కడ సన్నటి ముల్లులాగా పైకి లేచి తర్వాత కుదురుకుంటోందంటే లూప్ ఇంకా స్థిరపడుతోందన్నమాట. అప్పుడు పల్స్‌ని 5 మైక్రోసెకన్లకి పెంచి, మళ్లీ మెల్లగా తగ్గిస్తూ రండి, ఎక్కడ ఎత్తు మారడం మొదలైందో అదే మీ యంత్రం అసలు హద్దు.

రాడార్ దగ్గరైతే ట్రాన్స్‌మిటర్ ఆపి, మళ్లీ ఎవరూ ఆన్ చేయకుండా తాళం వేశాకే కేబుల్ ముట్టుకోండి. కప్లర్ విలువ, కేబుల్ నష్టం రెండూ ఆ ఫ్రీక్వెన్సీలోనే కొలిచి రాసుకోండి. చాలా మైక్రోవేవ్ జనరేటర్లు అవుట్‌పుట్‌లోకి వెనక్కి వచ్చే పవర్‌ని అర వాటుకి మించి తట్టుకోలేవు, డీసీ అసలే తట్టుకోవు. అనుమానం ఉంటే డీసీ బ్లాక్ పెట్టేయండి. అరగంట వార్మప్ ఇవ్వండి.

పని అయ్యాక ముందు ఆర్ఎఫ్ ఆఫ్, తర్వాత యాంప్లిఫయర్ డ్రెయిన్ సప్లై, చివర్లో దాని గేట్ వోల్టేజీ. లాగ్‌బుక్‌లో లెవెల్ పక్కనే ఏఎల్‌సీ ఆన్‌లో ఉందా ఆఫ్‌లో ఉందా, పల్స్ వెడల్పు ఎంత, గది ఉష్ణోగ్రత ఎంత అన్నది కూడా రాయండి, వచ్చే ఏడాది ఆ బెంచ్ దగ్గర కూర్చునేవాళ్లకి అదే ఆధారం.