చేప కంటికి ఏం కనిపిస్తుంది? గాలం వేసేవాళ్లకు కొన్ని లెక్కలు

చేప ఎర దాకా వచ్చి వెనక్కి మళ్లిందంటే చాలామంది వెంటనే లూర్ (కృత్రిమ ఎర) రంగు మారుస్తారు. అంతకంటే ముందు చూసుకోవాల్సినవి మూడున్నాయి: నీళ్లు ఎంత తేటగా ఉన్నాయి, వెలుగు ఎటునుంచి పడుతోంది, గట్టు మీద మీరు ఎంత ఎత్తున కనిపిస్తున్నారు. రంగు సంగతి ఆ తర్వాతే.

తేట కొలవడం తేలిక. సుమారు 20 సెంటీమీటర్ల వెడల్పున్న తెల్లటి ప్లాస్టిక్ మూత తీసుకుని, మధ్యలో బెజ్జం చేసి దారం కట్టండి. కింద సీసపు బరువు వేలాడదీయండి. దారానికి ప్రతి 10 సెంటీమీటర్లకు ఒక ముడి వేయండి. నీటి మీద మెరుపు లేని, నీడ పడే వైపు నుంచి నిలువుగా దించండి. మూత కనుమరుగైన లోతు, పైకి లాగేటప్పుడు మళ్లీ కనిపించిన లోతు, ఈ రెండింటి సగటు రాసుకోండి. 1865లో ఇటలీ శాస్త్రవేత్త ఏంజెలో సెక్కీ సముద్రంలో చేసిన పరీక్ష కూడా ఈ పద్ధతే. ప్రవాహానికి దారం ఏటవాలుగా పోతే లోతు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది కాబట్టి అప్పుడు బరువు పెంచాలి. లెక్క మీటరున్నర దాటితే తేట నీళ్లు, 40 సెంటీమీటర్ల లోపైతే బురద నీళ్లు. గాలం పనికి ఈ రెండు గీతలు చాలు.

చేప కంటి కటకం గోళీలా గుండ్రంగా ఉంటుంది. మన కటకం ఆకారం మార్చుకుని చూపు నిలుపుతుంది, చేపది ముందుకీ వెనక్కీ జరుగుతుంది. కళ్లు పక్కలకు ఉండడంతో చుట్టూ చాలా మేర కనిపిస్తుంది కానీ రెండు కళ్లూ కలిసి చూసేది ముందున్న కొద్ది మేరే. దూరం సరిగ్గా అంచనా వేయగలిగేది అక్కడే. అందుకే ఎర తోక వెనక పడితే లాభం లేదు. తల ముందు, కాస్త పక్కగా పడాలి. ఎక్కువ వేటచేపలు పైకి చూసి దాడి చేస్తాయి కనుక ఎరను వాటి కంటి మట్టానికి 20 నుంచి 30 సెంటీమీటర్లు పైన నడిపించండి. అడుగున మేసే కార్ప్ లాంటివాటికి ఇది వర్తించదు. వాటికి ఎర నేల మీదే ఉండాలి. సన్నటి గీతలు, పొలుసుల బొమ్మలు చేపకు మనకు కనిపించినంత స్పష్టంగా కనిపించవు. కదలికను మాత్రం ఇట్టే పసిగడుతుంది.

ఇక అందరూ వదిలేసే విషయం. నీటి లోపలి నుంచి పైకి చూసే చేపకు బయటి లోకమంతా ఒక గుండ్రటి కిటికీలోనే కనిపిస్తుంది. కాంతి నీటిలోకి వస్తూ వంగడం వల్ల ఆ కిటికీ కోణం దాదాపు 97 డిగ్రీలు. నీటి పైన దాని వెడల్పు చేప ఉన్న లోతుకు సుమారు 2.3 రెట్లు. అంటే 1 మీటరు లోతున ఉన్న చేపకు 2.3 మీటర్ల కిటికీ. ఆ కిటికీ అవతల నీటి పైపొరలో కనిపించేది అడుగు ప్రతిబింబమే. తేలే లూర్ అక్కడ ఉన్నంతసేపూ చేపకు దాని మునిగిన భాగం, కొక్కెం మాత్రమే కనిపిస్తాయి. కాబట్టి తేలే లూర్‌కు పొట్ట రంగు, ఆకారం చూడండి. వీపు మీద రంగులు కొనేవాళ్ల కోసం వేసినవి.

నీటి మట్టానికి 10 డిగ్రీల లోపు ఎత్తులో ఉన్నవి కిటికీ అంచున నలిగిపోయి, మసకగా కనిపిస్తాయి. మీరు దాక్కోవాల్సింది ఆ మేరలోనే. కిటికీ అంచు నుంచి ప్రతి 6 మీటర్ల దూరానికి సుమారు 1 మీటరు ఎత్తు వరకు ఫర్వాలేదు. ఇందులో గట్టు ఎత్తు కూడా కలపాలి. మీటరు గట్టు మీద 1.7 మీటర్ల మనిషి నిలబడితే 16 మీటర్లు దూరం ఉండాలి. అంత వీలుకాకపోతే కూర్చోండి, వెనక పొద గానీ చెట్టు గానీ ఉండేలా చూసుకోండి. ఖాళీ ఆకాశం వెనకుంటే రాడ్ ఊపినా తెలిసిపోతుంది. గాలికి అలలు లేస్తే కిటికీ చెదురుతుంది, అప్పుడు ఇంకాస్త దగ్గరికి వెళ్లవచ్చు.

రంగుల విషయానికి వస్తే, తేట నీటిలో ముందు మాయమయ్యేది ఎరుపు. కొన్ని మీటర్లు దిగేసరికి అది నల్లగా మారుతుంది. నాచుతో పచ్చబడ్డ నీటిలో ఆకుపచ్చ, పసుపు ఎక్కువ దూరం పోతాయి. కుళ్లిన ఆకులతో టీ రంగుకు తిరిగిన నీటిలో ఎరుపు, నారింజ నిలుస్తాయి. ఫ్లోరోసెంట్ రంగులు నీలి కాంతినీ తమ రంగులోకి మార్చుకుంటాయి గనుక లోతులోనూ పలుకుతాయి. అన్ని చేపలకూ ఒకే రంగుల చూపు లేదు. లార్జ్‌మౌత్ బాస్ కంట్లో ఎరుపు, ఆకుపచ్చ పసిగట్టే రెండు రకాల శంకు కణాలే ఉన్నాయి. ముదురు నీలానికీ నలుపుకూ దానికి పెద్ద తేడా తెలియదు. పెట్టెలో ఒక ముదురు లూర్, ఒక తెల్లది, ఒక మెరిసేది, ఒక ఫ్లోరోసెంట్‌ది ఉంటే చాలావరకు సరిపోతుంది.

గాలం దారం కనిపించడం తేట నీటిలోనే సమస్య. నీటి వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె) 1.33, ఫ్లోరోకార్బన్ దారానిది సుమారు 1.42, నైలాన్ దారానిది 1.5 పైనే. నీటి అంకెకు దగ్గరగా ఉన్నందుకే ఫ్లోరోకార్బన్ తక్కువ కనిపిస్తుంది, బొత్తిగా కనిపించకుండా పోదు. అల్లిన దారం వాడుతుంటే చివర మీటరున్నర ఫ్లోరోకార్బన్ లీడర్ (ఎర వైపు కొస ముక్క) కట్టండి. ముడి బిగించే ముందు తడపకపోతే రాపిడి వేడికి దారం బలం తగ్గి అక్కడే తెగుతుంది. తేలే లూర్‌కు మాత్రం నైలానే మేలు. ఫ్లోరోకార్బన్ మునిగి, దాని ముక్కును కిందికి లాగుతుంది.

చాలా చేపలకు కంటిపాప ముడుచుకోదు, రెప్పలుండవు. వెలుగు మారితే రెటీనా కణాలు జరిగి సర్దుకోవాలి, దానికి చాలా నిమిషాలు పడుతుంది. మిట్టమధ్యాహ్నం నీడకో లోతుకో వేయండి. సందెవేళ రంగు వదిలేసి నల్లటి లూర్ పైపైన నడపండి. వెలుతురున్న ఆకాశం కింద దాని ఆకారం తేటగా తెలుస్తుంది. రాత్రి టార్చి నీటి మీద వేయకండి. ఎర్ర దీపమైనా అంతే, మంచినీటి చేపల్లో చాలావాటికి ఎరుపు తెలుస్తుంది.

బురద నీటిలో చేప కంటికంటే ఒంటి పక్కగీతతో (ఒంటికి రెండు పక్కలా పొడుగునా ఉండే, నీటి కదలిక తెలిసే అవయవం) కదలికల్ని పసిగడుతుంది. అదీ తన ఒడలికి ఒకటి రెండింతల దూరంలోనే. కాబట్టి లావుపాటి, గలగలమనే లూర్ తీసుకుని, మెల్లగా, ఒకే వేగంతో లాగండి. ఉన్నట్టుండి దిశ మారిస్తే చేప గురి తప్పుతుంది. ఒకే చోట నాలుగైదుసార్లు వేశాకే జరగండి. జెల్లలకైతే లూర్ పక్కన పెట్టి వాసనున్న ఎర వేయండి.