ఒక్క కాగితంతో మొదలుపెట్టండి: వేల్స్ భాషోద్యమం చూపిన దారిలో మన ఊళ్లో తెలుగు కోసం పనిచేయడం ఎలా

మూడేళ్ల కిందట అనంతపురంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మా అమ్మకు మోకాలి ఆపరేషన్ చేయించవలసి వచ్చింది. ముందురోజు సాయంత్రం నాలుగు పేజీల అంగీకార పత్రం తెచ్చి అమ్మ చేతిలో పెట్టారు. అదంతా ఇంగ్లీషులో ఉంది. అమ్మ ఎనిమిదో తరగతి దాకా తెలుగులో చదువుకున్న మనిషి, పొద్దున్నే దినపత్రికను మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివే మనిషి. కాగితం తెచ్చిన అమ్మాయి, పక్కనున్న నర్సు, లోపలున్న డాక్టరు అందరూ తెలుగువాళ్లే, అందరూ అమ్మతో తెలుగులోనే ఎంతో ఆప్యాయంగా మాట్లాడారు. అయినా తన ఒంటిమీద ఏం చేయబోతున్నారో చెప్పే కాగితాన్ని మాత్రం చదవలేక, చూపించిన చోటల్లా అమ్మ సంతకాలు పెట్టింది.

ఆ రాత్రి నాకు వేల్స్‌కు చెందిన ఐలీన్ బీస్లీ, ట్రెవర్ బీస్లీ దంపతుల కథ గుర్తుకొచ్చింది. బ్రిటన్ పడమటి అంచున ఉన్న వేల్స్‌లో, బొగ్గుగనుల ప్రాంతంలోని ఒక ఊళ్లో ట్రెవర్ గని కార్మికుడుగా పనిచేసేవాడు. వాళ్లు 1952లో ఒక ఇల్లు కొనుక్కోగా స్థానిక కౌన్సిల్ నుంచి ఇంటిపన్ను నోటీసు ఇంగ్లీషులో వచ్చింది. ఆ ప్రాంతంలో అత్యధికులు వేల్స్ సొంత భాష అయిన వెల్ష్ మాట్లాడేవాళ్లే, కౌన్సిల్ సభ్యులూ వెల్ష్ వాళ్లే. నోటీసు వెల్ష్‌లో ఇస్తే పన్ను కడతామని దంపతులు కోరారు, కౌన్సిల్ కుదరదంది. ఎనిమిదేళ్లపాటు వాళ్లు కోర్టు మెట్లు ఎక్కుతూనే ఉన్నారు, జప్తు చేయడానికి వచ్చినవాళ్లు పియానోతో సహా ఇంట్లోని సామాన్లు ఎత్తుకుపోయారు. చివరికి 1960లో రెండు భాషల్లో అచ్చయిన నోటీసు వాళ్ల గుమ్మానికి వచ్చింది. భాష నాలుకమీద ఎంత బలంగా ఉన్నా కాగితంమీద లేకపోతే దానికి అధికారం లేదని ఈ కథ చెబుతుంది, అందుకే మన జిల్లాల్లో తెలుగు కోసం ఏదైనా చేయాలనుకునేవారు ఇక్కడి నుంచే మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

మొదట జరిగినదేమిటో తెలుసుకోండి

పనిలోకి దిగే ముందు వెల్ష్ ఎలా క్షీణించిందో కొంత తెలియాలి, ఎందుకంటే కారణం తప్పుగా అర్థమైతే కోపం తప్పు మనుషులమీదికి పోతుంది. 1536లో ఇంగ్లండు రాజ్యం వేల్స్‌ను తనలో కలుపుకుంటూ చేసిన చట్టం కోర్టుల భాష ఇంగ్లీషేనని, వెల్ష్ వాడేవారికి ప్రభుత్వ పదవులు ఉండవని నిర్దేశించింది. 1588లో విలియం మోర్గన్ అనువదించిన బైబిలు పుణ్యమా అని గుళ్లో, ఇళ్లలో భాష బతికింది. 1847లో వెల్ష్ రాని ముగ్గురు అధికారులు ఆ దేశపు చదువులపై నివేదిక రాసి, ప్రజల వెనుకబాటుకు వారి భాషే కారణమని తేల్చారు, ఆ అవమానం జనం మనసుల్లో నాటుకుపోయింది. గనుల పనికి బయటినుంచి లక్షల మంది వలస రావడం, బడులు పూర్తిగా ఇంగ్లీషులోకి మారడం, ఆ తరువాత రేడియో తోడవడంతో 1911లో దాదాపు 43 శాతం ఉన్న వెల్ష్ భాషీయులు 1961 నాటికి 26 శాతానికి, 1981 నాటికి 19 శాతానికి తగ్గిపోయారు.

పంతొమ్మిదో శతాబ్దంలో అక్కడి చాలా బడుల్లో వెల్ష్ మాట్లాడి దొరికిన పిల్లవాడి మెడలో ఒక చెక్కముక్క వేలాడదీసేవారు. వాడు మరొకడు వెల్ష్ మాట్లాడగా పట్టిస్తే ఆ చెక్క వాడి మెడకు మారేది, సాయంత్రం బడి వదిలే వేళకు ఎవరి మెడలో ఉంటే వారికి శిక్ష పడేది. ఇది ఎక్కడో జరిగిన సంగతి అనుకోవడానికి వీల్లేదు. 2009లో కడప జిల్లా మైదుకూరులోని ఒక పాఠశాలలో, తెలుగు మాట్లాడినందుకు, ఇక ఎన్నడూ తెలుగు మాట్లాడమని రాసిన పలకలను పిల్లల మెడల్లో వేసిన వార్త రాష్ట్రమంతా చదివింది. ఆనాటి వెల్ష్ తల్లిదండ్రుల్లో చాలామంది ఆ చెక్కను అడ్డుకోలేదు, పిల్లలు బాగుపడాలంటే ఇంగ్లీషు రావాలని వాళ్లూ నమ్మారు. మన తల్లిదండ్రులను నిందిస్తూ మొదలయ్యే ఉద్యమం మొదటి వారంలోనే ఆగిపోతుందని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కరలేదు.

కాగితాన్ని ఎంచుకోవడం

నలుగురైదుగురు కలిసి ఒక నోటుపుస్తకం పెట్టుకుని, ఒక నెలపాటు మీ ఇళ్లకు వచ్చిన, మీ చేత సంతకం పెట్టించుకున్న ప్రతి కాగితాన్నీ అందులో రాయండి: ఏ కార్యాలయం ఇచ్చింది, ఏ భాషలో ఉంది, చదివినవారికి ఎంతవరకు అర్థమైంది. నెల తిరిగేసరికి జాబితా పెద్దదవుతుంది, అన్నింటిమీదా ఒకేసారి పోరాడాలన్న ఆవేశం కలుగుతుంది. దయచేసి అన్నీ ఎత్తుకోకండి. ఎక్కువ మందికి అవసరమైనది, మార్చే అధికారం ఊళ్లోనే ఉన్న ఒక్క కార్యాలయానిదో ఒక్క మనిషిదో అయినది, మార్చడానికి ఖర్చు లేనిది చూసి ఒక్కటే తీసుకోండి. మేము ఆసుపత్రి అంగీకార పత్రాన్ని తీసుకున్నాం.

తరువాత ఆ కాగితాన్ని మీరే తెలుగులో రాసి పట్టుకువెళ్లండి. ఉత్త డిమాండుకు ఇచ్చే జవాబు సాధారణంగా "పైనుంచి రావాలి" అన్నదే, తయారైన కాగితాన్ని చేతిలో పెడితే ఆ జవాబు చెప్పడం కొంచెం కష్టమవుతుంది. రాసేటప్పుడు మేము పెద్ద పొరపాటు చేశాం. మొదటి ప్రతిలో శస్త్రచికిత్స, సంవేదనాహరణం, ఉపద్రవాలు వంటి మాటలు నింపగా, మా వీధి చివర కూరగాయలమ్మే అక్క చదివి, ఇంగ్లీషు కాగితమే నయం, డాక్టరును అడిగితే చెబుతాడు, దీన్నెవరిని అడగాలి అంది. రెండో ప్రతిలో ఆపరేషన్, మత్తు ఇంజెక్షన్, రక్తం ఎక్కించడం, చీము పట్టడం అని జనం నోట్లో ఉన్న మాటలే రాశాం. మీరు రాసినదాన్ని కనీసం ముగ్గురి చేత గట్టిగా చదివించి, వాళ్లు ఎక్కడ ఆగారో అక్కడ మాట మార్చండి. వెల్ష్‌లో ఉత్తరాదివారు పాలను ఒక మాటతో, దక్షిణాదివారు మరో మాటతో పిలుస్తారు, ఏది సరైనదన్న వాదంలో పడితే రెండు వైపులవారూ తమ మాట తప్పేమోనని ఇంగ్లీషులోకి జారుకుంటారు. "యాడికి పోతాండావు" అనే మనిషిని నవ్వులపాలు చేసే తెలుగు సభ తెలుగుకు మేలు చేయదు.

చట్టాన్ని చేతిలో పెట్టుకోండి

వెల్ష్ వారు చట్టాలు సంపాదించుకోవడానికి దశాబ్దాలు పోరాడారు. 1967లో ఒకటి, 1993లో మరొకటి వచ్చాక, 2011లో గాని ఆ భాషకు వేల్స్‌లో అధికార హోదా స్పష్టంగా దక్కలేదు. మనకు 1966 నాటి అధికార భాషా చట్టం అప్పటినుంచీ ఉంది, మనం వాడుకోకపోవడమే విచారకరం. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం ఏ అధికారికైనా రాష్ట్రంలో వాడుకలో ఉన్న భాషలో అర్జీ ఇచ్చుకునే హక్కు ప్రతి ఒక్కరికీ ఉంది. కాబట్టి అర్జీని తెలుగులోనే రాసి, ఒక పేజీకి మించకుండా, తెలుగు నమూనాను జతచేసి, సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి, రసీదు తప్పనిసరిగా తీసుకోండి.

జవాబు రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయండి. అది కూడా తెలుగులో ఇవ్వవచ్చు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై స్థాయిలో 10 రూపాయలు. ఫలానా పత్రాన్ని తెలుగులో ఇవ్వకూడదని ఏ ఉత్తర్వు చెబుతోందో దాని నకలు ఇవ్వమని అడగడం నా అనుభవంలో అన్నిటికంటే బాగా పనిచేసే ప్రశ్న, ఎందుకంటే అటువంటి ఉత్తర్వు చాలాసార్లు ఉండదు. 30 రోజుల్లో సమాచారం రాకపోతే, ఆ గడువు ముగిసిన 30 రోజుల్లోగా అదే కార్యాలయంలోని అప్పీలు అధికారికి అప్పీలు చేయాలి.

ప్రైవేటు ఆసుపత్రికి సమాచార హక్కు చట్టం నేరుగా వర్తించదు. అక్కడ మేము వేరే మాట చెప్పాం: చికిత్స ఏమిటో, అందులోని ప్రమాదాలేమిటో తెలిసి ఇచ్చిన అంగీకారమే చెల్లుతుందని సుప్రీంకోర్టు 2008లో చెప్పింది, చదవలేని కాగితంమీద తీసుకున్న సంతకం రేపు డాక్టరుగారికి కూడా రక్ష కాదు. ఎనిమిది నెలల తరువాత ఊళ్లోని మరో ఆసుపత్రి మా రెండు పేజీల తెలుగు ప్రతిని ఇంగ్లీషు ప్రతితోపాటు ఇవ్వడానికి ఒప్పుకుంది. బ్యాంకుల విషయం తేలిక: ఖాతాదారులకిచ్చే ఫారాలు, చీటీలు ఇంగ్లీషు, హిందీలతోపాటు ప్రాంతీయ భాషలోనూ ఉండాలని రిజర్వు బ్యాంకు ఆదేశాలే ఉన్నాయి. తెలుగు ఫారం అడిగి, వచ్చేదాకా కుర్చీలో కూర్చోండి. వేరే రాష్ట్రం నుంచి బదిలీమీద వచ్చి ఇంకా భాష పట్టుబడని గుమస్తాను కౌంటరు దగ్గర నిలదీయడం అన్యాయం, అడగవలసింది మేనేజరును.

తెగింపు ఎంతవరకు

1962 ఫిబ్రవరిలో వెల్ష్ రచయిత సాండర్స్ లూయిస్ రేడియోలో చేసిన ప్రసంగం వెల్ష్ ఉద్యమాన్ని మలుపు తిప్పింది. పరిస్థితి ఇలాగే సాగితే ఇరవై ఒకటో శతాబ్దం మొదలయ్యేసరికి భాష అంతరిస్తుందని హెచ్చరించి, బీస్లీ దంపతులను చూపించి, వెల్ష్ లేకుండా ప్రభుత్వ పనులు నడవలేని స్థితి తీసుకురావాలని ఆయన కోరాడు. ఆ ఏడే వెల్ష్ భాషా సంఘం ఏర్పడింది. 1963 ఫిబ్రవరి 2న అబెరిస్ట్విత్ పట్టణంలో విద్యార్థులు వంతెనమీద కూర్చుని రాకపోకలు ఆపారు, కోర్టు సమన్లు వెల్ష్‌లో ఇవ్వాలన్నదే వాళ్ల కోరిక. 1965లో లివర్‌పూల్ నగరానికి నీళ్లకోసం కాపెల్ కెలిన్ అనే వెల్ష్ పల్లెను ముంచేసినప్పుడు పుట్టిన బాధ కూడా ఈ పోరాటంలో కలిసింది. శ్రీశైలం జలాశయం కింద ఊళ్లు పోగొట్టుకున్న కర్నూలు జిల్లావారికి ఆ బాధను వివరించనక్కరలేదు.

1980లో వెల్ష్ టెలివిజన్ ఛానల్ ఇస్తామన్న మాటను ప్రభుత్వం తప్పినప్పుడు, గ్విన్‌వర్ ఎవన్స్ అనే పెద్దాయన అక్టోబరు 6 నుంచి ఆమరణ నిరాహారదీక్షకు దిగుతానని ప్రకటించాడు. సెప్టెంబరులోనే ప్రభుత్వం దిగివచ్చింది, ఛానల్ 1982 నవంబరు 1న మొదలైంది. పొట్టి శ్రీరాములు 1952లో ప్రాణమిచ్చాక వచ్చిన ఆంధ్ర రాష్ట్రానికి మన కర్నూలే రాజధాని, కనుక దీక్ష బరువేమిటో మనకు బాగా తెలుసు. దీన్ని చిన్న పనులకు వాడకండి. వెల్ష్ యువకులు ఇంగ్లీషు రోడ్డు బోర్డులమీద రంగు పూసి జైళ్లకు వెళ్లారు, ఆ తెగువను గౌరవిస్తాను గాని మన చోట అది అక్కరలేదు. దుకాణాల పేరు బోర్డులమీద తెలుగు ఉండాలని నియమాలే చెబుతున్నాయి, కార్మిక శాఖ కార్యాలయంలో ఒక అర్జీ ఇస్తే సరిపోయేచోట రంగుడబ్బా ఎందుకు?

బడి, ఇల్లు, పొరుగు భాష

1939లో అబెరిస్ట్విత్‌లో మొదలైన తొలి వెల్ష్ మాధ్యమ ప్రాథమిక పాఠశాలలో ఏడుగురే పిల్లలు. 1971 నుంచి తల్లులు, టీచర్లు కలిసి ఊరూరా శిశుబడులు పెట్టారు. ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడే తల్లిదండ్రులు కూడా పిల్లల్ని అక్కడికి పంపసాగారు, చదువు బాగుండడమే అందుకు పెద్ద కారణం. తెలుగా ఇంగ్లీషా అన్న వాదం పెట్టుకుంటే మీరు ఓడిపోతారు. పిల్లలకు ఇంగ్లీషు చక్కగా రావాలి, తెలుగు మాట్లాడినందుకు శిక్ష ఉండకూడదు అని రెండే కోరండి. పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను నిషేధించింది, తెలుగు మాట్లాడితే జరిమానా వేసే బడి గురించి మండల విద్యాశాఖాధికారికి ఆ సెక్షను పేరుతోనే రాయండి.

ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. 2011 జనగణన ప్రకారం తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్లకు పైబడి ఉన్నారు, వెల్ష్ మాట్లాడేవారు ఆనాటికి 5 లక్షల 62 వేల మంది. పెద్ద భాష పక్కన నలిగిన వెల్ష్‌తో పోల్చదగినవి మన మధ్యనే ఉన్న తండాల సుగాలి భాష వంటివి. కర్నూలు, కడపల్లో ఉర్దూ, అనంతపురం సరిహద్దు పల్లెల్లో కన్నడం ఇంటి భాషగా ఉన్న పిల్లలున్నారు. తెలుగు కోసం మనం అడిగేదంతా వాళ్లూ మనల్ని అడగవచ్చు, అడిగినప్పుడు సంతకం పెట్టే మొదటి చెయ్యి మనదే కావాలి. మీ బృందంలో తండా నుంచి ఒకరిని మొదటి రోజే కలుపుకోండి.

గెలిచిన తరువాత

2050 నాటికి పది లక్షల మంది వెల్ష్ మాట్లాడేవారు ఉండాలని వేల్స్ ప్రభుత్వం 2017లో లక్ష్యం పెట్టుకుంది. అయినా 2021 జనగణనలో ఆ సంఖ్య 5 లక్షల 38 వేలకు, అంటే 17.8 శాతానికి తగ్గింది. బోర్డులు, చట్టాలు, ఛానల్ అన్నీ వచ్చాక కూడా పని మిగిలే ఉంటుంది. మా చిన్న అనుభవంలోనూ అదే జరిగింది: ఆసుపత్రివారు కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్చగానే తెలుగు ప్రతి ముద్రణలోంచి మాయమైంది, ఎవరూ కావాలని తీసేయలేదు, ఎక్కించాలని ఎవరికీ గుర్తులేదు. అందువల్ల మీరు సాధించిన ప్రతి కాగితం నకలునూ తేదీతో సహా దస్త్రంలో ఉంచండి, యూనికోడ్ అక్షరాల్లో ఉన్న ఫైలును ఇద్దరి దగ్గర దాచండి. ఆరు నెలలకొకసారి బృందంలో ఒకరు మామూలు మనిషిలా వెళ్లి ఆ కాగితం అడిగి, ఏ భాషలో ఇచ్చారో నోటుపుస్తకంలో రాయండి.