డిసెంబర్ 1 లోపు వెల్డింగ్ షెడ్డులో సర్దుకోవాల్సినవి

ఆస్ట్రేలియాలో ఫ్యాబ్రికేషన్ షెడ్లు నడిపే, వాటిలో పనిచేసే మనవాళ్ల కోసం రాస్తున్నా. పనిచేసే చోట గాలిలో ఉండే పొగ, దుమ్ము, రసాయనాలకు 2026 డిసెంబర్ 1 నుంచి కొత్త హద్దులు వస్తున్నాయి. వెల్డింగ్ పొగకైతే అప్పటిదాకా ఆగక్కర్లేదు, 2024 జనవరిలోనే క్యూబిక్ మీటరు గాలికి 5 మిల్లీగ్రాములు ఉన్న హద్దును 1కి దించారు. అంటే నిన్నటిదాకా బాగానే ఉందనుకున్న షెడ్డు ఇవాళ హద్దు దాటి ఉండొచ్చు.

ముందు మాస్కులు కొనకండి, ముందు కొలిపించండి. హైజీనిస్టును, అంటే పనిచోట గాలిలో ఏముందో కొలిచే నిపుణుణ్ని పిలిస్తే, వెల్డర్ నడుముకి చిన్న పంపు కట్టి, అతను పీల్చే గాలిని షిఫ్టంతా ఒక ఫిల్టరు గుండా లాగి కొలుస్తారు. ఆ ఫిల్టరు హెల్మెట్ లోపలి వైపే ఉండేలా చూడండి, గాలి పీల్చేది అక్కడే కదా. పని ఎక్కువున్న రోజునే కొలిపించండి. స్టెయిన్‌లెస్ స్టీల్ చేస్తుంటే క్రోమియం, నికెల్ లెక్క విడిగా ఇమ్మని అడగండి, వాటి హద్దులు వేరే. ఈ హద్దులన్నీ రోజుకి 8 గంటల పనికి వేసినవి, 12 గంటల షిఫ్టులుంటే ఇంకా తగ్గించుకోవాలి.

తర్వాత పొగ లాగే గొట్టం. నేను చూసిన షెడ్లలో ఎక్కువ తప్పు ఇక్కడే: గొట్టం ఎక్కడో పైన వేలాడుతుంటుంది, పొగ మనిషి ముఖం మీదుగా వెళ్లాకే దాని దగ్గరికి చేరుతుంది. వెల్డింగ్ చేసే చోటి నుంచి గొట్టాన్ని దాని వెడల్పు కంటే దూరం జరిపితే లాగే బలం దాదాపు ఉండదు, కాబట్టి పని జరుపుకున్నప్పుడల్లా దాన్నీ జరుపుకోవాలి, కొంచెం విసుగే అయినా తప్పదు. పెయింటు, నూనె, జింకు పూత గీకేశాకే అతికించండి. గాల్వనైజ్డ్ పైపులు చేసిన సాయంత్రాలు నాకు చలిజ్వరం వచ్చి తెల్లారేసరికి పోయేది, ఎండ వల్లేమో అనుకునేవాణ్ని, అది జింకు పొగ.

ఇవన్నీ అయ్యాక మాస్కు. ముఖానికి సరిగ్గా అతుక్కుందో లేదో టెస్టు చేయించాలి, గడ్డం ఉంటే అది అతుక్కోదు. కొత్త హద్దులు వచ్చే సమయానికే మనవాళ్లు చాలామంది అయ్యప్ప మాలలో ఉంటారు. వాళ్లకి నడుముకి మోటారుండి లోపలికి గాలి పంపే వదులు హెల్మెట్లు ఇప్పుడే ఆర్డర్ పెట్టండి, మాలా పనీ రెండూ సాగుతాయి.

కొత్తగా వచ్చిన తమ్ముళ్లకి ఒక మాట. ఆ గాలి రిపోర్టు ఓనరు ఫైల్లో దాచుకునేది కాదు, చాలా రాష్ట్రాల్లో 30 ఏళ్లు భద్రపరిచి, ఆ పొగలో పనిచేసేవాళ్లకి అందుబాటులో ఉంచాలి. వీసా టెన్షన్‌తో ఒక్కరే అడగలేకపోతే నలుగురు కలిసి వెళ్లి అడగండి.