గుడ్డు ఉబ్బదు, ముడుచుకోదు: ద్రవాభిసరణ ప్రయోగంలో చిక్కులు

పెంకు తీసిన కోడిగుడ్డుతో ద్రవాభిసరణ చూపడం బళ్లలో పాత ప్రయోగమే. లవణాలు, చక్కెర, ప్రొటీన్లు తక్కువగా కరిగి ఉన్న వైపు నుంచి ఎక్కువ ఉన్న వైపుకు నీరు పొర గుండా వెళ్తుంది. సూత్రం ఇంతే. చేతికి వచ్చేసరికి మాత్రం ఎక్కడో తేడా కొడుతుంది.

పెంకు పూర్తిగా పోలేదు

వెనిగర్‌లోని ఆమ్లం పెంకులోని కాల్షియం కార్బనేట్‌ను కరిగిస్తున్నంతసేపూ బుడగలు లేస్తాయి. బుడగలు ఆగినా పెంకు మిగిలిందంటే ఆమ్లం అయిపోయినట్టే. పాతది పారబోసి కొత్త వెనిగర్ పోయండి. గోటితో గీకవద్దు, పొర చిరిగితే అంతా సొన పాలు. పని పూర్తయిన గుడ్డును వెలుతురుకు పట్టి చూస్తే లోపల పచ్చసొన నీడ కదులుతూ కనిపిస్తుంది.

మంచినీటిలో పెద్దగా ఉబ్బలేదు

వెనిగర్‌లో తొంభై శాతానికి పైగా నీరే. కాబట్టి గుడ్డు అందులోనే చాలావరకు ఉబ్బేసింది. ముందు చక్కెర పాకంలో, తర్వాత నీటిలో వేసి, ప్రతిసారీ తూచండి. ఉడికించిన గుడ్డు వాడితే ఆశ వదులుకోండి.

ఉప్పునీటిలో ముడుచుకోలేదు

ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే. చిటికెడు ఉప్పు చాలదు, గుడ్డు లోపలా లవణాలు ఉన్నాయి. పైగా ఈ పొర ప్రొటీన్లను ఆపినంత గట్టిగా ఉప్పును ఆపలేదు. ఉప్పు మెల్లగా లోపలికి చేరితే తేడా తగ్గిపోతుంది. ఉప్పు మానేసి చిక్కటి చక్కెర పాకం కాచి, పూర్తిగా చల్లారాక గుడ్డు వేయండి. గుడ్డు పాకంలో తేలుతుంది, పైభాగం తడవదు. మీద చిన్న గిన్నె బోర్లించి ముంచి ఉంచితే మర్నాటికి తోలు సంచిలా వేలాడుతుంది.

గుడ్డు ఉబ్బితే చెరువులో కప్ప ఎందుకు ఉబ్బదు?

ఇది లోపం కాదు, తెలివైన పిల్లలు అడిగే ప్రశ్న. కప్ప నోటితో నీరు తాగదు, ముఖ్యంగా పొట్ట అడుగున, తొడల దగ్గర ఉన్న చర్మంతో పీల్చుకుంటుంది. ఎక్కువైన నీటిని మూత్రపిండాలు పలుచని మూత్రంగా పంపేస్తాయి. దానితో పోయే సోడియాన్ని చర్మం శక్తి ఖర్చుపెట్టి చుట్టూ ఉన్న నీటి నుంచి లాక్కుంటుంది. డెన్మార్క్ శాస్త్రవేత్త హాన్స్ ఉసింగ్ 1951లో కప్ప చర్మం ముక్క మీదే దీన్ని కొలిచి చూపాడు. ఒళ్లు ఎండినప్పుడు వాసోటోసిన్ హార్మోన్ చర్మకణాల పొరల్లోకి ఆక్వాపోరిన్లనే నీటి దారులను చేరుస్తుంది. గుడ్డు పొరకు ఈ సర్దుబాటు తెలియదు.

ఆ చర్మమే పాడైతే?

కైట్రిడ్ శిలీంధ్రం సోకిన కప్ప చర్మం లవణాలను నిలుపుకోలేదు. రక్తంలో సోడియం, పొటాషియం పడిపోయి గుండె ఆగుతుంది. పెంపకంలోని కప్పలను ఇట్రాకొనజోల్ మందు కలిపిన నీటిలో ముంచి నయం చేస్తున్నారు. బయట ఇది చాలా కష్టం. స్పెయిన్‌లోని మజోర్కా దీవిలో మాత్రం తోకకప్పలను పట్టి మందు పట్టించి, వాటి నీటిగుంటలను క్రిమిసంహారకంతో శుద్ధి చేసి, శిలీంధ్రాన్ని తొలగించగలిగామని పరిశోధకులు 2015లో ప్రకటించారు.