మోకాళ్ల నొప్పులతో జపాన్: ఎక్కడ రైలు, ఎక్కడ ట్యాక్సీ

నేను విజయవాడలో లెక్కల టీచర్ని. 2025లో వేసవి సెలవులు ఇవ్వగానే మేం నలుగురం జపాన్ వెళ్లి పది రోజులు తిరిగొచ్చాం. నేను, మా వారు, డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి, 72 ఏళ్ల మా అత్తగారు. ఆవిడకి రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. చదునుగా ఉంటే అరగంట నడుస్తారు కానీ పది మెట్లు ఎక్కితే ఆగాల్సిందే. తిరిగొచ్చాక స్టాఫ్ రూమ్‌లో అందరూ అడిగింది ఒకటే: "అక్కడ దేంట్లో తిరిగారు? ఏ పాస్ కొన్నారు?"

పాస్ సంగతి తర్వాత. ముందు మీతో వచ్చేవాళ్లలో మెట్లు ఎక్కలేనివాళ్లు ఎవరో, సూట్‌కేసులు ఎన్నో రాసుకోండి. మేం తీసుకున్న నిర్ణయాలన్నీ ఈ రెండింటి మీదే ఆధారపడ్డాయి. పాతికేళ్ల కుర్రాళ్లు బ్యాక్‌ప్యాక్‌తో తీసిన వీడియోలు చూసి నేను మొదట వేసుకున్న ప్లాన్‌ని మా అత్తగారి మోకాళ్లు మొదటి రోజే చింపేశాయి.

ఇక పాస్. జపాన్ అనగానే అందరూ చెప్పేది జేఆర్ పాస్, అంటే జపాన్ రైల్వే కంపెనీల (జేఆర్) రైళ్లలో గడువు దాకా ఎన్నిసార్లైనా తిరగనిచ్చే పాస్. ఏడు రోజుల పాస్ ఒకప్పుడు 29,650 యెన్లు. 2023 అక్టోబరులో దాన్ని 50,000 చేశారు. మేం వెళ్లినప్పుడు యెన్ మన 60 పైసలకి కాస్త అటూ ఇటూగా ఉంది, అంటే మనిషికి దాదాపు 30 వేల రూపాయలు. పాత వీడియోల్లో "కళ్లు మూసుకుని కొనేయండి" అన్నది పాత ధర లెక్క. కొత్త ధరకి మీరే కూడుకోవాలి. టోక్యో నుంచి క్యోటోకి బుల్లెట్ ట్రైన్ టికెట్ సుమారు 14,000 యెన్లు. క్యోటో నుంచి హిరోషిమా వెళ్లి రావడానికి 23,000 దాకా అవుతుంది. రెండూ కలిపితే 37,000. మళ్లీ టోక్యోకి వెనక్కి వస్తే ఇంకో 14,000, అప్పుడు మొత్తం 51,000. అంటే వారంలో ఇంత తిరిగితేనే పాస్ డబ్బు గిట్టుబాటవుతుంది, అదీ బొటాబొటిగా. పైగా అన్నిటికన్నా వేగంగా వెళ్లే నొజోమి రైలు ఆ పాస్‌తో ఎక్కాలంటే అదనంగా కట్టాలి. దానికన్నా కాస్త నెమ్మదిగా వెళ్లే హికారి రైలు అయితే ఆ బాధ లేదు.

మేం అసలు వెనక్కే రాలేదు. విమానం టికెట్లు కొనేటప్పుడే టోక్యో నరితాలో దిగి, ఒసాకా పక్కనున్న కన్సాయ్ ఎయిర్‌పోర్టు నుంచి తిరుగు ప్రయాణం పెట్టుకున్నాం. మా టికెట్ వెల రానూపోనూ ఒకే ఊరికి తీసుకున్నదానికన్నా పెద్ద తేడా రాలేదు. ఒక బుల్లెట్ ట్రైన్ ఖర్చు, సగం రోజు మిగిలాయి. లోపల ఎలా తిరగాలన్నది విమానం టికెట్ దగ్గరే సగం తేలిపోతుందని నాకు అప్పుడే అర్థమైంది.

పాస్ తీసుకుంటే ఇంట్లో అందరూ తీసుకోవాలని రూలేం లేదు. హిరోషిమాకి మా వారు, అమ్మాయి మాత్రమే వెళ్లారు. వాళ్లిద్దరికీ కన్సాయ్-హిరోషిమా ఏరియా పాస్ తీసుకున్నాం, ఐదు రోజులకి 17,000 యెన్లు. అది ఒసాకాలోని బుల్లెట్ ట్రైన్ స్టేషన్ షిన్-ఒసాకా నుంచి హిరోషిమా దాకా బుల్లెట్ ట్రైన్‌కి, మియాజిమా దీవికి వెళ్లే జేఆర్ పడవకి కూడా చెల్లుతుంది. క్యోటో నుంచి షిన్-ఒసాకా దాకా మాత్రం మామూలు రైల్లో వెళ్లాలి, అరగంట కూడా పట్టదు. నేనూ అత్తగారూ ఆ రోజు క్యోటోలోనే ఉండిపోయాం.

నరితా నుంచి ఊళ్లోకి రావడం మొదటి పరీక్ష. ఎయిర్‌పోర్టు టోక్యో నడిబొడ్డుకి 60 కిలోమీటర్ల దూరం. ట్యాక్సీ అంటే 20 వేల యెన్ల పైమాటే, అది మర్చిపోండి. కేసేయ్ అనే రైలు కంపెనీ వాళ్ల స్కైలైనర్ అయితే 40 నిమిషాలు దాటగానే టోక్యోలోని ఉఎనోలో దింపుతుంది, మనిషికి రెండున్నర వేల పైన. అదే కంపెనీ మామూలు రైలు దాదాపు వెయ్యి యెన్లే కానీ గంటం పావు పడుతుంది, సూట్‌కేసులు కాళ్ల మధ్య పెట్టుకోవాలి. రాత్రంతా విమానంలో కూర్చుని వచ్చిన పెద్దావిడతో ఆ పదిహేను వందల దగ్గర పిసినారితనం వద్దనుకున్నాం. హోటల్ కూడా అందుకే ఉఎనోలో తీసుకున్నాం. ముందు హోటల్ బుక్ చేసి తర్వాత రైలు వెతక్కండి. ముందు ఎయిర్‌పోర్టు రైలు ఎక్కడ ఆగుతుందో చూసి అక్కడ హోటల్ వెతకండి.

ఊళ్లో తిరగడానికి రీచార్జ్ కార్డు ఒకటి ఉంటుంది. టోక్యోలో సుయికా, పాస్మో, ఒసాకా వైపు ఇకోకా. పేర్లు వేరైనా ఒక ఊరి కార్డు ఇంకో ఊళ్లోనూ పనిచేస్తుంది, మెట్రోకీ బస్సుకీ చివరికి కూల్‌డ్రింక్ మెషిన్‌కీ కూడా. మనిషికో కార్డు తప్పనిసరి, ఒకే కార్డుతో నలుగురు గేటు దాటలేరు. 500 యెన్లు డిపాజిట్. రీచార్జ్ మెషిన్లు చాలావరకు నోట్లే అడుగుతాయి కాబట్టి వెయ్యి యెన్ల నోట్లు దగ్గరుంచుకోండి. టోక్యోలో కార్డు తాకించి లోపలికెళ్లి క్యోటోలో బయటికి రావడం మాత్రం కుదరదు, అంత దూరానికి వేరే టికెట్ కొనాలి.

టోక్యోలో రైలెక్కడం తేలికే, కష్టమంతా స్టేషన్‌లోంచి బయటపడడంలోనే. షింజుకు స్టేషన్‌కి 200కి పైగా దారులున్నాయి. మన విజయవాడ జంక్షన్‌లో ఏ పక్క దిగినా ఆటోవాడే మనల్ని వెతుక్కుంటూ వస్తాడు. అక్కడ తప్పు దారిలో బయటికొస్తే అర కిలోమీటరు నడక, మధ్యలో మెట్లు. మొదటి రోజు మా అత్తగారు అలాగే మూడు వరసల మెట్లు ఎక్కి, పైన గట్టు మీద కూర్చుని, "అమ్మాయ్, మీరు చూసొచ్చి నాకు ఫొటోలు చూపించండి" అన్నారు. ఆ రాత్రి మా అమ్మాయి కనిపెట్టింది, గూగుల్ మ్యాప్స్‌లో రైలు దారి వెతికేటప్పుడు ఆప్షన్స్‌లో వీల్‌చైర్ దారి అని ఒకటి ఉంది. వీల్‌చైర్ లేకపోయినా అది పెట్టుకోండి. లిఫ్ట్ ఉన్న దారులు చూపిస్తుంది. చాలా స్టేషన్లలో వీధి దాకా తీసుకెళ్లే లిఫ్ట్ ఒక్క దారిలోనే ఉంటుంది, మిగతావన్నీ మెట్లే. దిగాల్సిన స్టేషన్ పేరు పక్కనే ఆ ఎగ్జిట్ నంబరు కూడా రాసుకుంటే మేలు. ఉదయం ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా పెద్దవాళ్లతో రైలు జోలికి పోకండి. ఆఖరి రైళ్లు అర్ధరాత్రి అటూ ఇటూగా ఆగిపోతాయి.

సూట్‌కేసుల సంగతి. తక్క్యూబిన్ అని ఇంటింటికీ సామాను చేర్చే సర్వీసు ఉంది, నల్లపిల్లి తన పిల్లని నోట కరుచుకున్న గుర్తున్న కంపెనీ అందులో పెద్దది. టోక్యో హోటల్ రిసెప్షన్‌లో ఇచ్చేస్తే మర్నాటికి క్యోటో హోటల్లో ఉంటుంది. పెట్టెకి 2 వేల నుంచి 3 వేల యెన్లు. మూడు పెద్ద పెట్టెలు పంపేసి చేతి సంచులతో బుల్లెట్ ట్రైన్ ఎక్కాం, ప్రాణం హాయిగా ఉంది. తప్పు నాదే ఒకటి జరిగింది. పులిహోర పొడి, కందిపొడి, బుల్లి రైస్ కుక్కర్ అన్నీ పెట్టెలో పెట్టి పంపేశాను. అత్తగారు గుడ్డు కూడా ముట్టరు. ఆ రాత్రి ఆవిడ అరటిపళ్లు, పాలతో సరిపెట్టుకున్నారు. మందులు, మర్నాటి బట్టలు, తిండి చేతి సంచిలోనే ఉంచుకోండి.

పెట్టె వెంట తీసుకెళ్తే టేపుతో కొలవండి. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటితే టోక్యో-క్యోటో దారిలో దానికి చోటున్న సీటు ముందే రిజర్వ్ చేసుకోవాలి. లేదంటే వెయ్యి యెన్లు ఫైన్. మా పెద్ద పెట్టె చక్రాలతో సహా 156 వచ్చింది.

టికెట్లు ప్రయాణానికి నెల ముందు నుంచి అమ్ముతారు. ఏప్రిల్ చివర, మే మొదటి వారం వాళ్లకి వరస సెలవులు, గోల్డెన్ వీక్ అంటారు. ఆ రోజుల్లో నొజోమిలో రిజర్వేషన్ లేని బోగీలే ఉండవు. మన సంక్రాంతి రద్దీ గుర్తు చేసుకోండి. నలుగురైతే డి, ఈ సీట్లు వెనకా ముందూ రెండు వరసల్లో తీసుకోండి. ముందు సీట్లు వెనక్కి తిప్పుకుని ఎదురెదురుగా కూర్చోవచ్చు. టోక్యో నుంచి వెళ్లేటప్పుడు ఫుజీ పర్వతం కనిపించేదీ ఆ పక్కే, బయల్దేరిన ముప్పావు గంటకి. మబ్బు లేకపోతేనే అనుకోండి.

క్యోటోలో లెక్క తిరగబడుతుంది. అక్కడ బస్సే దిక్కంటారు, మనిషికి 230 యెన్లు, నలుగురికి 920. వెనక తలుపులోంచి ఎక్కి, దిగేటప్పుడు ముందు డబ్బు కట్టాలి. గుళ్లవైపు వెళ్లే బస్సులు కిక్కిరిసి ఉంటాయి. రెండు బస్సులు వదిలేసి ట్యాక్సీ ఎక్కాం. స్టేషన్ నుంచి కియోమిజు గుడి వైపు పదిహేను వందల యెన్లు అయింది. తేడా 580, మన లెక్కలో 350 రూపాయలు. నలుగురుండి ఊళ్లో మూడు నాలుగు కిలోమీటర్ల దూరమైతే ట్యాక్సీ కళ్లు మూసుకుని ఎక్కొచ్చు. బేరం లేదు, మీటరే. టిప్ తీసుకోరు. తలుపు దానంతటదే తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. మా వారు ప్రతిసారీ చేత్తో మూయబోయి డ్రైవర్‌ని కంగారు పెట్టేవారు. ఇంగ్లిష్‌లో పేరు చెబితే చాలామందికి అర్థం కాదు, ఫోన్‌లో జపనీస్ అక్షరాల్లో ఉన్న పేరు చూపించండి. ఒక్కరే అయితే ఈ లెక్క వర్తించదు, బస్సే మంచిది.

అలాగని క్యోటోలో రైలు వద్దని కాదు. ఎర్ర తోరణాల ఫుషిమి ఇనారి గుడికి జేఆర్ నారా లైన్‌లో రెండో స్టేషనే, ఐదు నిమిషాలు, 150 యెన్లు. స్టేషన్ ఎదురుగానే గుడి. మా వాళ్లు హిరోషిమా వెళ్లిన రోజు అత్తగారిని తీసుకుని దర్జాగా వచ్చిన రైలెక్కాను. ఇనారి స్టేషన్ కిటికీలోంచి కనిపించింది, రైలు ఆగకుండా వెళ్లిపోయింది. అది ర్యాపిడ్. మన ఎక్స్‌ప్రెస్ లాంటిది, చిన్న స్టేషన్లలో ఆగదు. రొకుజిజోలో దిగి తిరుగు లోకల్ పట్టుకున్నాం. "ఉయ్యూరు వెళ్లే బస్సు బోర్డు చదవకుండా నువ్వెప్పుడైనా ఎక్కావా?" అన్నారు అత్తగారు. అక్కడ ఒకే ప్లాట్‌ఫాం మీదికి లోకల్, ర్యాపిడ్, ఎక్స్‌ప్రెస్ అన్నీ వస్తాయి. రైలు రంగు చూసి ఎక్కకండి, బోర్డు మీద రకం చూసి ఎక్కండి.

కారు అద్దెకి తీసుకుని నడపడం గురించి మా వారికి బాగా సరదా. అక్కడా మనలాగే ఎడమ పక్కే నడుపుతారు. కానీ టోక్యో, క్యోటోల్లో పార్కింగ్, టోల్ కలిపితే దండగ. ఉత్తరాన ఉన్న హొక్కైడో దీవి లాంటి చోటికైతే ఆలోచించొచ్చు. మన లైసెన్స్ ఒక్కటే చాలదు, ఇక్కడ ఆర్టీవో ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకునే బయల్దేరాలి.

చివర్లో కార్డుల బ్యాలెన్స్. సుయికా డబ్బు వాపసు జేఆర్ ఈస్ట్ స్టేషన్లలోనే ఇస్తారు, అంటే టోక్యో వైపు. ఒసాకా నుంచి తిరిగొచ్చే మాకు కుదరదు. అందుకే ఆఖరి రెండు రోజులు రీచార్జ్ ఆపేసి, మిగిలింది కన్సాయ్ ఎయిర్‌పోర్టు మెషిన్లలో నీళ్ల సీసాలకీ టీకీ ఖర్చు పెట్టాం. చివరిసారి వాడాక పదేళ్ల దాకా కార్డు చెల్లుతుంది. మా అత్తగారి కార్డులో 12 యెన్లు మిగిలాయి. దాన్ని ఆవిడ ఆర్టీసీ సీనియర్ సిటిజన్ కార్డు పక్కనే పర్సులో పెట్టుకున్నారు.