మింగిన మాత్ర ఒంటపట్టాలంటే

రెండు నెలలు ఒక్క రోజు కూడా తప్పకుండా ఐరన్ మాత్ర వేసుకున్నాను. హిమోగ్లోబిన్ 9.2 నుంచి 9.4కు వచ్చింది, అంతే. మాత్ర నకిలీదేమో అనుకున్నాను. "దేనితో వేసుకుంటున్నారు?" అని డాక్టర్ అడిగితే గానీ, రోజూ దాన్ని వేడి టీతో మింగుతున్నానన్న సంగతి తట్టలేదు.

ఇనుము లేనిదే హిమోగ్లోబిన్ తయారు కాదు, అది లేనిదే రక్తం ప్రాణవాయువును మోయలేదు. టీ, కాఫీల్లోని పాలీఫినాల్స్ అనే పదార్థాలు ఆ ఇనుమును పేగుల్లోనే పట్టేస్తాయి. అందుకే మాత్రను పరగడుపున నీళ్లతో వేసుకోండి. టీకీ దానికీ కనీసం గంట ఎడం ఉండాలి. నీళ్లలో కాస్త నిమ్మరసం పిండితే మరీ మంచిది, సి విటమిన్ ఇనుమును రక్తంలోకి చేరవేయడానికి సాయపడుతుంది. కడుపులో తిప్పితే తిన్నాక వేసుకోండి. కొంత తక్కువ ఒంటపట్టినా, మానేయడం కంటే నయం. మలం నల్లబడుతుంది, ఇది ముందే తెలియక నేను వారం రోజులు హడలిపోయాను.

అట్ట మీది అంకెను కూడా సరిగ్గా చదవాలి. ఫెర్రస్ సల్ఫేట్ 200 మిల్లీగ్రాముల మాత్రలో అసలు ఇనుము సుమారు 65 మిల్లీగ్రాములే.

కాల్షియం మాత్రను దీనితో కలిపి వేసుకోకండి, కాల్షియం ఇనుముకు అడ్డు. ఒంట్లోని కాల్షియంలో 99 శాతం ఎముకల్లో, పళ్లలో ఉంటుంది. మిగిలిన ఒక్క శాతంతోనే గుండె, కండరాలు, నరాలు నడుస్తాయి. అది తగ్గితే శరీరం ఎముకల నుంచి అప్పు తెస్తుంది. కాల్షియం కార్బొనేట్ అయితే భోజనంతో, ఒక్కో విడతకు 500 మిల్లీగ్రాములకు మించకుండా వేసుకోవాలి. అది పేగులు దాటడానికి డి విటమిన్ కావాలి. డి కొవ్వులో కరిగేది కనుక నూనె, నెయ్యి ఉన్న భోజనంతో వేసుకోండి. అలాగని మోతాదు పెంచకండి, ఎ, డి విటమిన్లు ఒంట్లో పేరుకుపోతాయి. థైరాయిడ్ మాత్ర వాడేవారు ఐరన్‌కైనా కాల్షియంకైనా నాలుగు గంటల ఎడం ఇవ్వాలి.

నేను మాత్రల డబ్బాను టీపొడి పక్క నుంచి తీసి పడకగదిలో, పిల్లలకు అందని పై అరలో పెట్టాను. ఆరింటికి మాత్ర, ఏడున్నరకు టీ. మరో రెండు నెలలకు 11.8 వచ్చింది. అయినా డాక్టర్ ఇంకో మూడు నెలలు వేసుకోమన్నారు, ఒంట్లో ఇనుము నిల్వలు ఇంకా నిండలేదట.