హైవేపై రాయో, ఇనుప ముక్కో తగిలిందా? ఇంజిన్ ఆపడమే మొదటి పని

కారు కింద గట్టిగా శబ్దం వస్తే హజార్డ్ లైట్లు వేసి, ఎడమ పక్కకు తీసి, ఇంజిన్ ఆపేయండి. ఎర్రటి హెచ్చరిక ట్రయాంగిల్ వెనక పెట్టి, కిందికి వంగి చూడండి. నల్లగానో గోధుమ రంగులోనో జిడ్డు కారుతుంటే ఆయిల్ చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) పగిలినట్టే. రంగునీళ్లు కారితే రేడియేటర్ దెబ్బతింది.

అక్కడి నుంచి మళ్లీ స్టార్ట్ చేయొద్దు. 'నాలుగు కిలోమీటర్లేగా' అని నడిపితే ఆయిల్ లేక బేరింగులు పట్టేస్తాయి. బీమా కంపెనీ వాళ్లు చాంబర్‌కు డబ్బిస్తారు, ఆ తర్వాత నడపడం వల్ల పాడైన ఇంజిన్‌కు మామూలు పాలసీలో ఇవ్వరు. జాతీయ రహదారి అయితే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేయండి. బండిని టోయింగ్‌లోనే పంపాలి.

కదిలించే ముందే తగిలిన వస్తువు, దెబ్బ, నంబర్ ప్లేట్, కారిన ఆయిల్ అన్నీ ఫోటోలు తీయండి. అదే రోజు బీమా కంపెనీకి చెప్పండి. నష్టం అంచనా వేసే సర్వేయర్ చూడకముందే విప్పించారో, పేచీ మొదలైనట్టే.

థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే మీ బండికి రూపాయి రాదు. సమగ్ర పాలసీ ఉన్నా 1500 సీసీ వరకు రూ.1000, ఆపైన రూ.2000 మీరే భరించాలి. జీరో డెప్ (భాగాల తరుగుదల కోసుకోకుండా ఇచ్చే అదనపు కవర్) లేకపోతే ప్లాస్టిక్ బంపర్‌కు సగమే వస్తుంది. టైరు ఒక్కటే చిరిగితే అసలు రాదు.

చిన్న ఖర్చుకు క్లెయిమ్ దండగ: అయిదేళ్లు క్లెయిమ్ లేకుండా కూడబెట్టిన 50 శాతం బోనస్ (ప్రీమియంలో తగ్గింపు) ఒక్కసారికే సున్నా అవుతుంది.